పలక మీద తుడవని గీత

శని, ఆదివారాల్లో మధురవాడ నుంచి బైకుల మీద వచ్చే కుర్రాళ్ళూ అమ్మాయిలూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "చేతికి డైవ్ కంప్యూటర్ ఉండగా ఈ టేబుల్స్ ఎందుకండీ?" అలా అడిగేవాళ్ళ మణికట్టు మీద సబ్బుబిళ్ళంత యంత్రం మెరుస్తూ ఉంటుంది. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ కాస్త ఒళ్ళు జలదరిస్తుంది. ముసలాడికి కొత్త వస్తువులంటే పడదని వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ రేవు నీళ్ళలో దిగి బతికినవాణ్ణి. ఓడల అడుగులు గీకాను, జెట్టీ స్తంభాలకి పగుళ్ళు తడిమాను, తెగిపోయిన లంగర్లు వెతికాను. ఇప్పుడు గోపాలపట్నంలో ఉంటూ, వారానికి రెండు రోజులు భీమిలి రోడ్డులో స్కూబా నేర్పే చోటికి వచ్చి కూర్చుంటాను. నీళ్ళలో దిగడం మాత్రం లేదు. ఆ విషయంలో మా డాక్టరూ మా ఆవిడా ఒక్కటయ్యారు. అందుకని టేబుల్స్ చెబుతాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, విసుగు పుట్టినవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు. లోతుకి వెళ్ళినకొద్దీ మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లోకి ఇంకుతుంది. నిదానంగా పైకొస్తే నిదానంగా పోతుంది. మోతాదు మించి ఇంకిన తర్వాత పైకొస్తే, గోలీసోడా కొట్టినట్టు ఒంట్లోనే పొంగుతుంది. ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో, మళ్ళీ దిగాలంటే ఎంతసేపు ఆగాలో చెప్పే గళ్ళ కాగితమే టేబుల్. అదొక పాతకాలపు లెక్కల మాస్టారు. ఇరవై ఎనిమిది మీటర్లు అంటే ముప్పై వేసుకుంటుంది. మీరు పది నిమిషాలే అడుగున ఉండి మిగతాసేపు పైపైన తిరిగినా, మొత్తం టైమూ అడుగునే ఉన్నట్టు రాసుకుంటుంది. కంప్యూటర్ అలా కాదు. క్షణక్షణం లోతు చూసుకుంటూ మీతోపాటే లెక్క మార్చుకుంటుంది. మీరు కాస్త పైకొస్తే కాస్త టైము కలుపుతుంది. దయగల యంత్రం.

కొత్తవాళ్ళకి ఏది మంచిదంటే, కంప్యూటరే మంచిది. ఈ మాట నా నోటంట విని మా ఇన్‌స్ట్రక్టర్లే ఆశ్చర్యపోతారు. కానీ దానికి తెలిసింది ఒక్కటే. తనని కట్టుకున్న చెయ్యి ఎక్కడికి వెళ్ళిందీ అన్నది. తను పెట్టెలో నిద్రపోతున్నప్పుడు ఆ చెయ్యి ఏం చేసిందో దానికి తెలీదు. ఈ ఒక్క ముక్క మాకు అర్థం కావడానికి ఒక మనిషి కాలు పోయింది.

ఎవరి పేర్లూ రాయను. మేము పనికి వెళ్ళే బోటు నడిపే తండేలు, జాలరిపేటవాడు, ఒక నియమం పెట్టాడు. నీళ్ళలో ఉన్నవాణ్ణి పైనుంచి పేరు పెట్టి పిలవకూడదు. "పేరెట్టి పిలిత్తే ఎవులు పలుకుతారో తెల్దు," అనేవాడు. మొదట్లో నవ్వుకున్నాను. ఇప్పుడు కాగితం మీద కూడా పిలవలేను.

ఇక మా జోడీ సంగతి. అతన్ని భాయ్ అనేవాణ్ణి. వన్‌టౌన్‌లో వాచీలు బాగుచేసే ఇంట్లో పుట్టినవాడు. వాళ్ళ నాన్న కంటికి భూతద్దం బిగించుకుని రోజంతా ఊళ్ళోవాళ్ళ టైము సరిచేసేవాడట. నేను గజపతినగరం వైపు పొలం చేసుకునే ఇంటివాణ్ణి. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను బావా అనేవాడు. పదమూడేళ్ళు ఒకరి తాడు ఒకరం పట్టుకున్నాం.

తాడు అంటే మాటవరసకి అనలేదు. దిగేవాడి నడుముకి నిజంగానే ఒక తాడు ఉంటుంది. రెండో కొస పైనున్నవాడి చేతిలో. పైనుంచి ఒకసారి గుంజితే బాగున్నావా అని. కింద నుంచి ఒకసారి వస్తే బాగున్నానని. నాలుగుసార్లు గుంజితే ఎక్కమని. కింద నుంచి నాలుగు వస్తే ఎక్కుతున్నాను, లాగమని. తాడు పట్టుకున్నవాడి ఒళ్ళో ఒక పలక ఉంటుంది. దిగిన టైము, లోతు, ఎక్కిన టైము, రెండోసారి దిగితే ఎన్ని నిమిషాలు, అన్నీ అందులో రాసుకుంటాడు. టేబుల్ అంటే ఆ గళ్ళ కాగితం ఒక్కటే కాదు, పలక పట్టుకున్న మనిషి కూడా. ఈ ముక్క పుస్తకాల్లో రాయరు.

రేవు బయట ఒక చేపల బోటు మునిగింది. గాలివానలో ఏడుగురిని పక్క బోటువాళ్ళు లాగేశారు. ఎనిమిదోవాడు, ఇంజిన్ డ్రైవరు, దొరకలేదు. ఓడలొచ్చే దారికి దగ్గరగా పడింది కాబట్టి దాన్ని క్రేనుతో ఎత్తించాలి. ఎత్తాలంటే ముందు ఎవరో ఒకరు దిగి దాని కింద నుంచి వైరుతాళ్ళు చుట్టాలి. ఆ పని ఒక కాంట్రాక్టరుకి దక్కింది, ఆ కాంట్రాక్టరు దగ్గర మేమిద్దరం ఉన్నాం.

రోజూ పొద్దున్నే ఫిషింగ్ హార్బర్ మెట్ల మీద ఆ ఇంజిన్ డ్రైవర్ భార్య నిలబడి ఉండేది. ఏడ్చేది కాదు, తిట్టేది కాదు. మేము సిలిండర్లు ఎక్కిస్తుంటే ఒకే మాట అడిగేది. "ఇంజిన్ రూమ్ లోపల సూసారా బాబూ?" మా పని బోటు బయటే, లోపలికి వెళ్ళకూడదు అని నేనే చెప్పేవాణ్ణి. ఈ సంగతి జరిగిన రోజు పొద్దున మాత్రం ఇంకో మాట కలిపింది. "ఇంజిన్ని ఒగ్గేసి రావడం ఆయనకి సేతకాదు బాబూ. అందులోనే ఉంటాడు." భాయ్ ఆమె వైపు చూడలేదు. తాడు చుట్ట విప్పి మళ్ళీ చుట్టుకుంటూ కూర్చున్నాడు.

మునిగిన బోటు ఎక్కడుందో మా తండేలు కళ్ళతోనే పట్టుకునేవాడు. సింహాచలం కొండ కొస లైట్‌హౌస్ వెనక్కి రావాలి. ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టం యారాడ కొండ అంచుని తాకాలి. ఆ రెండు చూపులూ కలిసిన చోట ఇంజిన్ ఆపేసేవాడు. ఆ చోట నీళ్ళ మీద ఎప్పుడూ ఒక జిడ్డు తెట్టు ఉండేది, డీజిల్ వాసన వేసేది. గాలి లేని రోజుల్లో కూడా అడుగు నుంచి బుడగలు వస్తూనే ఉండేవి. మునిగిన బోటులో ఇరుక్కున్న గాలి అది. తెలిసినా సరే, అడుగున ఎవరో ఊపిరి తీస్తున్నట్టే ఉండేది. బుడగలు చూసి మా మనిషి ఎక్కడున్నాడో చెప్పడం అక్కడ కుదిరేది కాదు.

ఆ రోజు పొద్దున భాయ్ దిగాడు. మధ్యాహ్నం నేను దిగాలి. అదీ మా పద్ధతి. కానీ నాకు రెండు రోజులుగా జలుబు, చెవులు మూసుకుపోయాయి, దిగలేను. మూడో మనిషిని పెట్టాలని నియమం. నియమాలు ఆఫీసు గోడకి ఉండేవి. మధ్యాహ్నం కూడా భాయే దిగాలి.

ఇరవై ఎనిమిది మీటర్ల దగ్గర ఇరవై నాలుగు నిమిషాలు పనిచేసి ఎక్కాడు భాయ్. పలక మీద రాశాను. సిలిండర్లు విప్పుతుంటే మెల్లగా అన్నాడు.

"ఇంజిన్ రూమ్ తలుపు తెరిసే ఉంది బావా."

"నీకెందుకది?"

"లోపల ఏదో తడతన్నట్టు సప్పుడు."

"ఖాళీ డ్రమ్మేదో కొట్టుకుంటాది."

"అదే అయ్యుంటాది," అన్నాడు. విప్పిన సిలిండరు పక్కన పెట్టి, బుడగలు వస్తున్న చోటుకేసి చూస్తూ కూర్చున్నాడు.

రెండున్నర గంటలు ఆగాం. టేబుల్ చూశాను. పొద్దున ఒంట్లో ఇంకింది ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి, రెండోసారి అదే లోతుకి దిగితే పదకొండు నిమిషాలు. అంతకు మించి ఒక్క నిమిషం కూడా వద్దు. పలక మీద పదకొండు అని రాసి చుట్టూ సున్నా చుట్టాను.

అప్పుడు వచ్చాడు మా సూపర్‌వైజరు, చిన్న మోటారు బోటులో. మంచి కుర్రాడు. చదువుకున్నవాడు, మమ్మల్ని గారూ అని పిలిచేవాడు. చేతిలో ఒక అట్టపెట్టె. అందులోంచి నల్లటి డైవ్ కంప్యూటర్ తీశాడు. మాకు అదే మొదటిది.

"ఇక పలకతో పనిలేదండీ. ఎంత టైముందో అదే చూపిస్తుంది. మీ లెక్క కన్నా ఇది కచ్చితం."

భాయ్ కళ్ళు మెరిశాయి. వాచీల ఇంటి బిడ్డ కదా. అటూ ఇటూ తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "సప్పుడు సెయ్యదేటి బావా ఇది?" అని నవ్వాడు. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"టేబుల్ పదకొండే అంటంది," అన్నాను.

"టేబుల్ అందరికీ ఒకటే చెబుతుందండీ. ఇది ఆయన ఒక్కడికే చెబుతుంది," అన్నాడు సూపర్‌వైజరు.

"నీ ఉజ్జోగం ఊడింది బావా," అన్నాడు భాయ్.

నేనూ నవ్వాను. నవ్వి, భుజం మీది తడి తువ్వాలు తీసి పలక తుడిచేశాను. పొద్దుటి ఇరవై నాలుగు నిమిషాలూ, సున్నా చుట్టిన పదకొండూ, రెండు చేతి ఊపుల్లో పోయాయి.

తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను, మేము ముగ్గురం అంత తెలివితక్కువవాళ్ళమా అని. కాదు. మేము దాన్ని వాచీ అనుకున్నాం, అంతే. వాచీ ఎవరు ఎప్పుడు పెట్టుకున్నా టైము ఒకటే. ఆ వస్తువు పొద్దున్నంతా అట్టపెట్టెలో పడుకుందనీ, దాని లెక్కలో భాయ్ ఆ రోజు అసలు నీళ్ళే తాకలేదనీ మాలో ఒక్కడికీ తట్టలేదు. సూపర్‌వైజరు వేరే పని ఉందని వెళ్ళిపోయాడు. భాయ్ దిగాడు.

పలక తుడిచానుగానీ పదకొండు నా బుర్రలోంచి పోలేదు. నా చేతికున్న మామూలు వాచీలో పదకొండు నిమిషాలు కాగానే ఒకసారి గుంజాను. కింద నుంచి ఒకసారి వచ్చింది. సరే, బాగున్నాడు. పదిహేను అయ్యాక నాలుగు గుంజాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చాయి నాలుగు.

భాయ్ గుంజడం నాకు తెలుసు. గబగబా, కోపంగా ఉన్నట్టు గుంజేవాడు. ఇవి అలా లేవు. ఒకటి వచ్చి, ఆగి, ఇంకొకటి. బరువుగా, చెప్పినమాట వినేవాడిలా. అలిసిపోయాడనుకున్నాను. తాడు లాగి చూశాను. బిగుసుగా ఉంది, రాలేదు. అంచెలంచెలుగా ఆగుతూ ఎక్కుతున్నాడేమో, ఊరికే లాగకూడదు అనుకున్నాను.

తండేలు వెనకనుంచి నా చేతులకేసి చూస్తున్నాడు.

"ఎవులది?" అన్నాడు.

"ఏటి ఎవులది? భాయ్‌దే."

"సరే," అన్నాడు. తాగుతున్న బీడీ నలిపేసి, మొహం కొండ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

ఎర్రటి ఎండ. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది. దూరంగా ఓ పెద్ద ఓడ లంగరేసి ఉంది, దాని మీద మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. అంత వెలుతురులో, అంత దగ్గరలో ఊరు ఉండగా, నాకు చలేసింది. ఇరవై నిమిషాలకి మళ్ళీ నాలుగు గుంజాను. మళ్ళీ నాలుగు వచ్చాయి, అలాగే నిదానంగా. ఇరవై ఆరుకి గుంజాను. వచ్చాయి. నేను అడుగుతూనే ఉన్నాను, ఎక్కుతున్నానని తాడు చెబుతూనే ఉంది, మనిషి మాత్రం ఎక్కడం లేదు. జవాబు రాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు. జవాబు వస్తుంటే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

ముప్పై ఒక్క నిమిషాలకి తండేలు లేచి నిలబడ్డాడు. "అదిగో."

నేను తాడు వైపే చూస్తున్నాను. భాయ్ తేలింది అటు కాదు. మా వెనక వైపు, గుర్తు కోసం వదిలిన బోయా దగ్గర తేలాడు. చెయ్యెత్తి కంప్యూటర్ చూపించాడు, బాగుందన్నట్టు. బోయా తాడు పట్టుకుని ఎక్కాడన్నమాట, నా తాడు ఎక్కేముందు విప్పేసుంటాడులే అనుకున్నాను. ఇంత కంగారు పెట్టినందుకు తిట్టుకుంటూ తాడు పైకి లాగేశాను. ఈసారి తేలిగ్గా వచ్చింది. ఒక చేత్తో చుట్టేశాను, రెండో చేత్తో టీ ఫ్లాస్కు మూత తీస్తూ.

భాయ్ బోటెక్కి టీ తాగాడు. "ఇంజిన్ రూమ్‌లో ఎవరూ నేరు బావా," అన్నాడు. "అంతా తడిమాను. టైముంది, టైముంది అని సూపిత్తనే ఉంది ఇది. అందుకే ఎల్లాను." కంప్యూటర్ కేసి చూసుకుని, దాని అద్దం బొటనవేలితో తుడిచాడు. కాసేపటికి చేతులు గోక్కోవడం మొదలెట్టాడు. తర్వాత కాళ్ళలో చీమలు పాకుతున్నాయన్నాడు. లేవబోయి, లేవలేక, నా మొహంలోకి చూశాడు.

"బావా, నా కాళ్ళేవి?"

కాళ్ళు అతని ముందే ఉన్నాయి. ఆ ప్రశ్న నేను చచ్చేదాకా మర్చిపోలేను.

బోటులో ఆక్సిజన్ ఉంది, మొహానికి పెట్టాం. తండేలు ఇంజిన్ని ఎంత తరిమాడో ఆ దేవుడికే తెలియాలి. ఊళ్ళో ఇలా ఒంట్లో గాలి పొంగినవాళ్ళని, అంటే బెండ్స్ వచ్చినవాళ్ళని, పెట్టే ఒత్తిడి గది ఒకటి ఉంది. మనిషిని లోపల పెట్టి మళ్ళీ లోతుకి దింపినట్టు ఒత్తిడి పెంచి, గంటలకొద్దీ నిదానంగా పైకి తెస్తారు. పెద్ద ఇనుప పీపా, చిన్న గుండ్రటి కిటికీ. లోపలికి యంత్రాలు తీసుకెళ్ళకూడదని కంప్యూటర్ విప్పి నా చేతిలో పెట్టారు. బయట బల్ల మీద కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయాను. అంతా సవ్యంగా ఉందని చూపిస్తోంది. ఆ రోజు ఒక్కసారే దిగారని, హద్దులు దాటలేదని, పద్ధతి ప్రకారం ఎక్కారని. దాని ప్రకారం భాయ్‌కి ఏమీ కాలేదు. కిటికీలోంచి చూస్తే భాయ్ పడుకుని పైకప్పుకేసి చూస్తున్నాడు. పలక నా ఒళ్ళోనే ఉంది, శుభ్రంగా.

ఎడమ కాలు తిరిగొచ్చింది. కుడి కాలు ఈడ్చుకుంటూ వచ్చింది, ఇప్పటికీ అలాగే వస్తుంది. భాయ్ మళ్ళీ నీళ్ళలో దిగలేదు. కొన్ని వారాలకి క్రేను వచ్చి బోటుని ఎత్తింది. నీళ్ళు కారిపోయాక మనుషులు లోపలికి వెళ్ళి చూశారు. ఇంజిన్ రూమ్‌లో ఎవరూ లేరు. ఇంజిన్ డ్రైవర్ భార్య ఆ తర్వాత హార్బర్ మెట్ల దగ్గరికి రాలేదు.

ఇన్నేళ్ళలో మేమిద్దరం ఆ మధ్యాహ్నం గురించి మాట్లాడుకోలేదు. నా మనసులో ఒక కోపం ఉండేది, పైకి ఎప్పుడూ అనలేదు. ఎక్కమని గుంజినప్పుడల్లా ఎక్కుతున్నానని జవాబిచ్చి, ఎక్కకుండా తిరిగాడు కదా అని. కుంటుతున్న మనిషిని ఏమంటాం? నేను పలక తుడిచినవాణ్ణి. నోరు మూసుకున్నాను. మనిషికి పని ఉండాలని ఈ స్కూబా చోట అతనికి టైము రాసే ఉద్యోగం నేనే చూసిపెట్టాను. అందరి చేతులకీ కంప్యూటర్లున్నా, కుర్చీలో కూర్చుని దిగేవాళ్ళ టైమూ ఎక్కేవాళ్ళ టైమూ పలక మీద రాస్తాడు భాయ్.

పోయిన సంవత్సరం ఒక అమ్మాయి పొద్దున ఒకసారి దిగింది. మధ్యాహ్నం తన కంప్యూటర్ బ్యాటరీ అయిపోయిందని, ఆ రోజు దిగని స్నేహితురాలిది అడిగి కట్టుకుంది. భాయ్ చూశాడు. కర్ర కూడా తీసుకోకుండా కుర్చీలోంచి లేచి, ఇసుకలో కాలీడ్చుకుంటూ వెళ్ళి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. అందరినీ కూర్చోబెట్టి ఆ రోజు కథ చెప్పాడు. నేను వెనక నిలబడి మొదటిసారి విన్నాను.

"తప్పులు అందరం పంచుకున్నాం తల్లీ," అన్నాడు. "పెట్టెలోంచి తీసి కట్టింది ఆ సారు తప్పు. పలక తుడిసేసింది మా బావ తప్పు. తాడు ఇప్పేసింది నా తప్పు. తాడుతో ఇంజిన్ రూమ్‌లోకి ఎల్లలేను గదా, దిగిన ఎంటనే ఇప్పేసి బోటు కమ్మీకి కట్టేసాను. మా బావ పైన టీ తాగతా గుంజడం మరిసిపోయాడు. గుంజుంటే జవాబు రాక కంగారుపడీవోడు, ఎవరినో ఒకర్ని దింపీవోడు. ఆడి మీద నాకు కోపం నేదు. మనిసన్నాక మరుపు ఉంటాది."

పిల్లలు వెళ్ళిపోయాక భాయ్ పక్కన కూర్చున్నాను.

"నాను గుంజాను భాయ్."

"పోనీలే బావా, ఎన్నేళ్ళ నాటి మాట."

"నాలుగేసి సొప్పున మూడుసార్లు గుంజాను. మూడుసార్లూ జవాబు వచ్చింది. నువ్వే ఇచ్చావనుకున్నాను."

భాయ్ నా మొహంలోకి చూశాడు. పదమూడేళ్ళు తాడు పట్టుకున్న మనిషికి నేను అబద్ధమాడుతున్నానో లేదో తెలుసు.

"నాను ఇంజిన్ రూమ్‌లో ఉన్నాను బావా. తాడు బయట కమ్మీకి ఉంది."

"ఎలా కట్టావ్?"

"రెండు ముళ్ళు. ఎప్పుడూ ఏసినట్టే."

ఆ తాడు నేను ఒక చేత్తో చుట్టేశాను. కొస మీద ఒక్క ముడి కూడా లేదు. ఆ మాట చెప్పాను. చెబుతుంటే నా గుప్పిట దానంతటదే బిగుసుకుంది, అందులో తాడు ఉన్నట్టు.

అలలకి తాడు ఆడుంటుందని, తుప్పు కమ్మీ మీద ముళ్ళు జారుంటాయని మీరంటారు. మా సూపర్‌వైజరు ఉన్నా అదే అనేవాడు. అనండి. నేనూ చాలాసార్లు అదే అనుకుని పడుకుంటాను. కానీ అలలు లేని రోజది. అలలకి నాలుగు దాకా లెక్కపెట్టడం రాదు.

భాయ్ ఒళ్ళోని పలక తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఒక్క మాటే అన్నాడు. "నాలుగంటే ఎక్కుతాను, లాగమని గదా బావా."

అవును. మూడుసార్లు అడిగాడు ఎవరో, పైకి లాగమని. తాడు తేలిగ్గా ఉందని నేను టీ పోసుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టాడు భాయ్. నీళ్ళలోంచి వచ్చినవాడు నిచ్చెన మీద చెయ్యి వెయ్యగానే తన పూర్తి పేరు తానే చెప్పాలి. మొహం చూసి, పేరు విన్నాకే ఎక్కిన టైము రాస్తాడు. మేము మాత్రం ఎవరినీ పిలవం. పిల్లలు దీన్ని సరదాగా తీసుకుని, స్కూల్లో హాజరు పలికినట్టు అరుస్తారు. వాళ్ళ కంప్యూటర్లు వాళ్ళవే, ఎవరిదీ ఎవరికీ ఇవ్వనివ్వం. టేబుల్ కూడా పక్కన పెట్టుకుని లెక్కచూస్తాం. రెండూ ఒకే మాట చెప్పకపోతే తక్కువ చెప్పినదాని మాట వింటాం.

పలక మీద అన్నిటికన్నా పైన ఒక గీత ఉంటుంది. పేరుండదు. దిగిన టైము రాసే గడిలో ఒక టిక్కు, అంతే. భాయ్ రాశాడు దాన్ని, నూనె రంగుతో.

సాయంత్రం పలక కడిగే పని నాదే. ఆ గీత వదిలేసి కింద కడుగుతాను. దాని ఎదురుగా ఎక్కిన టైము రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ టైము రాయాల్సినవాణ్ణి నేను. ఆ రోజు తాడు నా చేతిలో ఉంది.